టర్బో కారుకు బ్లో-ఆఫ్ వాల్వ్: విశాఖలో ఏ రకం ఎవరికి నప్పుతుంది

విశాఖలో ఇప్పుడు చిన్న టర్బో పెట్రోలు కార్లకు కొదవ లేదు. వెన్యూ, నెక్సాన్, ఫ్రాంక్స్, స్లావియా, వర్టస్, థార్ వంటి బళ్లలో టర్బో పెట్రోలు ఇంజిన్లు వచ్చాక, వాటి యజమానుల్లో కొందరు, ముఖ్యంగా కుర్రకారు, కొన్న ఏడాది తిరగకముందే, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో నెట్టిన గాలికి పక్కదారి చూపే బ్లో-ఆఫ్ వాల్వ్ గురించి ఆరా తీయడం మొదలుపెడుతున్నారు. కంపెనీ వాల్వ్‌ను అలాగే ఉంచుకోవాలా, అదే తరహాలో గట్టిదాన్ని వేయించాలా, గాలిని బయటికి వదిలే రకం పెట్టించాలా, రెండు పనులూ చేసే మిశ్రమ రకం తీసుకోవాలా అన్న దగ్గర చాలామంది ఆగిపోతారు. అమ్మేవారు శబ్దం వినిపించి అమ్ముతారు. కొనేవారు మాత్రం తమ ఇంజిన్ గాలిని ఏ పద్ధతిలో లెక్కిస్తుందో ముందు తెలుసుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ దాని వెనకే వస్తాయి.

## ఈ వాల్వ్ చేసే పని

ఇంజిన్ వదిలే వేడి పొగ టర్బోలోని ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తిడి పెంచి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ వైపు నెడుతుంది. గేరు మార్చడానికి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిన క్షణంలో థ్రాటిల్ పలక మూసుకుంటుంది గాని కంప్రెసర్ చక్రం ఆ వేగంతోనే తిరుగుతూ ఉంటుంది. దారి మూసుకున్న గాలి వెనక్కి తిరిగి కంప్రెసర్ రెక్కల మీద పడుతుంది. దీన్నే కంప్రెసర్ సర్జ్ అంటారు. టుట్టుట్టుమని వినిపించే చప్పుడు దానిదే. తక్కువ ఒత్తిడిలో అప్పుడప్పుడు వినిపించే ఈ చప్పుడుతో టర్బో వెంటనే పాడైపోదు. ఎక్కువ బూస్ట్‌లో (అంటే టర్బో పెంచిన గాలి ఒత్తిడిలో) పదేపదే జరిగితే మాత్రం ఇరుసును ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగ్ మీద భారం పడుతుంది. ఆ గాలికి పక్కదారి చూపడమే వాల్వ్ పని. అది గాలిని టర్బో ముందున్న పైపులోకి తిరిగి పంపితే రీసర్క్యులేటింగ్ వాల్వ్ లేదా డైవర్టర్ వాల్వ్ అంటారు, బయటికి వదిలేస్తే సాధారణంగా బ్లో-ఆఫ్ వాల్వ్ అంటారు.

ఈ వాల్వ్ మార్చినంత మాత్రాన ఇంజిన్ శక్తి పెరగదన్నది మొదటే గుర్తుంచుకోవాలి. పాత వాల్వ్ గాలి కారుస్తుంటే, కొత్తది వేశాక పోయిన శక్తి తిరిగి వస్తుంది, అంతకు మించి ఏమీ ఉండదు. అంతకు మించి తేడా ఉందని చెప్పేవారు చాలావరకు చెవితో కొలుస్తున్నారు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

### ఇంజిన్ గాలిని ఎలా లెక్కిస్తుంది?

కొన్ని ఇంజిన్లలో ఎయిర్ ఫిల్టరు డబ్బాకూ టర్బోకూ మధ్య ఎంఏఎఫ్ సెన్సర్ ఉంటుంది. లోపలికి వచ్చిన గాలి బరువును అది కొలుస్తుంది, దానికి తగినంత పెట్రోలు చల్లమని ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూ, ఇంజెక్టర్లకు చెబుతుంది. ఇలా కొలతకు ఎక్కిన గాలిని మధ్యలో బయటికి వదిలేస్తే, లేని గాలికి కూడా పెట్రోలు పడుతుంది. మిశ్రమం ఒక్కసారిగా చిక్కబడి, గేరు మార్చినప్పుడు బండి కుదుపుతుంది, సైలెన్సర్ నుంచి నల్లపొగ వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ఆర్పీఎం పడిపోయి ఇంజిన్ ఆగిపోవచ్చు కూడా. కాలక్రమంలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ కూడా దెబ్బ తింటుంది. పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌లోని 1.8 టర్బో ఈ కోవకు చెందినదే.

మరికొన్ని ఇంజిన్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని, ఉష్ణోగ్రతను బట్టి గాలిని లెక్కగట్టే ఎంఏపీ పద్ధతి ఉంటుంది. ఇవి థ్రాటిల్ దాటిన గాలినే లెక్కలోకి తీసుకుంటాయి గనుక, థ్రాటిల్‌కు ముందు కొంత గాలి బయటికి పోయినా పెట్రోలు లెక్క పెద్దగా తప్పదు. ఇప్పుడు వస్తున్న చిన్న టర్బో ఇంజిన్లలో చాలావరకు ఈ పద్ధతే ఉంది.

మీ బండిలో ఏది ఉందో తెలుసుకోవడానికి బానెట్ ఎత్తి, ఫిల్టరు డబ్బా నుంచి టర్బో వరకు పోయే పైపును చేత్తో తడుముతూ పోవాలి. ఆ దారిలో వైరు కనెక్టరు ఉన్న చిన్న నల్లటి సెన్సర్ బిగించి ఉంటే అది ఎంఏఎఫ్ అయ్యే అవకాశం ఎక్కువ. కారు కంప్యూటరు లెక్కలను ఫోన్‌లో చూపే ఓబీడీ యాప్‌లో గాలి ప్రవాహం సెకనుకు ఇన్ని గ్రాములని చూపించినంత మాత్రాన ఎంఏఎఫ్ ఉన్నట్టు కాదు, కొన్ని ఈసీయూలు ఎంఏపీ లెక్కను కూడా ఆ రూపంలోనే చూపిస్తాయి. అందుకే కంటితో చూడడమే మేలు.

### ఇప్పుడు ఉన్న వాల్వ్ ఏ రకం?

పాత టర్బో కార్లలో మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్నటి వాక్యూమ్ గొట్టంతో పనిచేసే వాల్వ్ ఉంటుంది. దాన్ని మార్చడం తేలిక. తర్వాతి తరం ఇంజిన్లలో కంప్రెసర్ గూటికే బిగించిన ఎలక్ట్రానిక్ వాల్వ్ వస్తోంది. ఎప్పుడు తెరవాలో ఈసీయూ నేరుగా చెబుతుంది. దాన్ని పీకి వాక్యూమ్‌తో నడిచే వాల్వ్ పెడితే, తెగిన కనెక్షన్‌ను ఈసీయూ గుర్తుపట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. ఇక వేస్ట్‌గేట్‌ను (టర్బో చక్రం మీదికి పోయే పొగను పక్కకు మళ్లించే తలుపును) విద్యుత్తుతో నడిపే కొన్ని చిన్న ఇంజిన్లలో ఇలాంటి వాల్వ్ అసలు ఉండదు, కాలు తీయగానే వేస్ట్‌గేట్‌ను తెరిచి ఈసీయూ పని జరిపేస్తుంది. లేని వాల్వ్‌కు బదులు కొత్తది అమ్మేవారూ ఉన్నారు గనుక, డబ్బు కట్టే ముందు ఈ ఒక్కటి షోరూంలో అడిగి తెలుసుకోవాలి.

### సముద్రపు గాలి, రేవు దుమ్ము

హైదరాబాదు వాళ్లకు లేని బెడద ఇది. సాగర్‌నగర్‌లోనో రుషికొండలోనో బీచ్ రోడ్డు పక్కన బండి నిలిపేవారి వాల్వ్ విప్పితే, అల్యూమినియం గోడ మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి కనిపిస్తుంది. పోర్టు, గాజువాక వైపు తిరిగే బండిలోనైతే వాల్వ్ లోపల కదిలే పిస్టన్ చుట్టూ ఉన్న గ్రీజు నల్లటి ముద్దగా మారుతుంది. బొటనవేలితో నొక్కితే పిస్టన్ సాఫీగా దిగకుండా సగంలో పట్టేసి, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. ఆ పట్టేసిన క్షణమే రోడ్డు మీద బూస్ట్ పడిపోవడంగా కనిపిస్తుంది.

### చట్టం, వారంటీ

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కట్టుదిట్టంగానే వ్యాఖ్యానించింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలను మీరితే 190వ సెక్షన్ ఉండనే ఉంది. దాని కింద జరిమానా 10,000 రూపాయల వరకు వెళ్లవచ్చు. కేజీహెచ్ వంటి ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చన్నది కూడా మరువరాదు. వారంటీలో ఉన్న బండికి వాల్వ్ మార్చి, తర్వాత టర్బో పోతే షోరూం ఆ మార్పునే కారణంగా చూపుతుంది.

## ఒక్కొక్క రకాన్నీ పరిశీలిస్తే

| రకం | ఎంఏఎఫ్ ఇంజిన్‌కు | ఎంఏపీ ఇంజిన్‌కు | శబ్దం | ఉప్పుగాలి, దుమ్ము | సర్దుబాటు |
|---|---|---|---|---|---|
| కంపెనీ వాల్వ్ | సరిపోతుంది | సరిపోతుంది | దాదాపు ఉండదు | మూసి ఉన్న దారి గనుక ఇబ్బంది తక్కువ | అక్కరలేదు |
| గట్టి రీసర్క్యులేటింగ్ వాల్వ్ | సరిపోతుంది | సరిపోతుంది | కొద్దిగా | పిస్టన్ రకమైతే శుభ్రం చేస్తుండాలి | స్ప్రింగ్ మాత్రం |
| మిశ్రమ వాల్వ్ | అంతంతమాత్రం | సరిపోతుంది | మధ్యస్థం | బయటి రంధ్రం వైపు జాగ్రత్త | ఎక్కువ |
| బయటికి వదిలే వాల్వ్ | వద్దు | పనిచేస్తుంది | ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది | ఎక్కువ |
| స్పేసర్ ప్లేటు | వద్దు | పనిచేస్తుంది | మధ్యస్థం | గాస్కెట్, ఓ-రింగుల దగ్గర కారవచ్చు | అక్కరలేదు |

కంపెనీ వాల్వ్. ఇంజిన్‌ను మార్చకుండా, బూస్ట్ పెంచకుండా నడిపే బండికి ఇదే సరైనది. దీని ప్లాస్టిక్ ఒళ్లు చూసి చిన్నచూపు చూసేవారు ఉన్నారు గాని, బండి తయారీదారు లెక్క వేసిన బూస్ట్‌కు అది తట్టుకుంటుంది. దాని బలహీనత లోపల కదిలే రబ్బరు పొరలో, అంటే డయాఫ్రంలో ఉంది. ఏళ్ల తరబడి వేడికి, నూనె ఆవిరికి గురైన రబ్బరు చీలి, బూస్ట్ కారడం మొదలవుతుంది. అప్పుడు పికప్ తగ్గుతుంది, స్కానర్‌లో తక్కువ బూస్ట్‌ను సూచించే పి0299 కోడ్ రావచ్చు. అదే భాగాన్ని కొత్తగా తెప్పించి వేస్తే సమస్య తీరిపోతుంది. దానికి మించి ఖర్చు పెట్టే ముందు నిజంగా కారుతున్నది వాల్వేనా, పైపు క్లాంపా అన్నది తేల్చుకోవాలి. ఇన్‌టేక్ దారిని మూసి, గాలి కంప్రెసర్‌తో 10 నుంచి 15 పీఎస్‌ఐ (టైర్లలో గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణమే) గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలే చోటు చూపిస్తాయి. ఆటోనగర్‌లో ఓపికగల మెకానిక్ ఈ పని చేసి పెడతాడు, ముందుగా అడగాలి అంతే.

గట్టి రీసర్క్యులేటింగ్ వాల్వ్. ఫోర్జ్, టర్బోస్మార్ట్, జీఎఫ్‌బీ వంటి కంపెనీలు లోహపు ఒళ్లు, పిస్టన్‌లతో చేసే రకం ఇది. ఈసీయూలోని సెట్టింగులు మార్పించి (రీమ్యాప్) బూస్ట్ పెంచినవారికి, కంపెనీ డయాఫ్రం పదేపదే చిరిగినవారికి ఇది తగును. గాలి తిరిగి లోపలికే పోతుంది గనుక పెట్రోలు లెక్క చెడదు, శబ్దం పెద్దగా రాదు, పోలీసుల కన్నూ పడదు. ఎలక్ట్రానిక్ వాల్వ్ ఉన్న ఇంజిన్లకు వాల్వ్‌ను విద్యుత్తుతో కదిలించే కంపెనీ సోలినాయిడ్‌ను అలాగే ఉంచి, లోపలి పిస్టన్ భాగాన్ని మాత్రం మార్చే కిట్లు కూడా దొరుకుతాయి. వాటితో చెక్ ఇంజిన్ లైటు బెడద ఉండదు. మార్పు నిజంగా అవసరమైన వారికి నేను మొదట సూచించేది ఈ రకాన్నే.

బయటికి వదిలే వాల్వ్. హెచ్‌కేఎస్, టియాల్ వంటి పేర్లు ఈ రకానికి ప్రసిద్ధి. బుస్సుమనే ఆ చప్పుడు కోసమే దీన్ని కొంటారు. థ్రాటిల్‌కు దగ్గరగా ఎక్కడైనా బిగించవచ్చు, తిరుగు గొట్టం అక్కరలేదు, పెద్ద టర్బోలకు సరిపడే సైజుల్లో దొరుకుతుంది. ఇవి దాని మంచి గుణాలు. చిక్కల్లా ఎంఏఎఫ్ ఇంజిన్లతోనే కాదు. వాల్వ్‌ను మూసి ఉంచే స్ప్రింగ్ మెత్తగా ఉంటే ఐడ్లింగ్‌లోనూ (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు), ఘాట్ దిగేటప్పుడు కాలు తీసి ఉంచినప్పుడూ వాల్వ్ కొద్దిగా తెరుచుకుని, ఫిల్టరు దాటని బయటి గాలిని లోపలికి పీల్చవచ్చు. పోర్టు రోడ్డులో తిరిగే బండికి ఇది మంచిది కాదు. ట్రాక్ మీద, లేదా ఇంజిన్ పూర్తిగా మార్చి సొంతంగా ట్యూన్ చేయించుకున్న బండి మీద దీనికి అర్థం ఉంది. కంపెనీ స్థితిలో ఉన్న బండికి, రోజూ ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా ఆఫీసుకు పోయే బండికి, నా లెక్కలో ఇది దండగ.

మిశ్రమ వాల్వ్. కొంత గాలిని లోపలికి, కొంత బయటికి పంపుతుంది. కొన్నింటిలో ఆ పాళ్లు మార్చుకోవచ్చు. ఎంఏపీ ఇంజిన్ ఉండి, కొంచెం శబ్దం కావాలనుకునేవారికి మధ్యేమార్గం. ఎంఏఎఫ్ బండిలో బయటి పాలు పెంచేకొద్దీ పైన చెప్పిన కుదుపులు మెల్లగా మొదలవుతాయి.

స్పేసర్ ప్లేటు. కంపెనీ ఎలక్ట్రానిక్ వాల్వ్ కింద పెట్టే ఒక బిళ్ల. వాల్వ్ తెరుచుకున్నప్పుడు గాలి బిళ్లలోని రంధ్రం గుండా బయటికి పోతుంది. చవక, పెట్టడం తేలిక, శబ్దం తప్ప ప్రయోజనం సున్నా.

డీజిల్ కిట్లు. స్కార్పియో, ఇన్నోవా, క్రెటా డీజిల్ బళ్లకు కూడా ఈ శబ్దం తెప్పిస్తామని అమ్మే కిట్లున్నాయి. డీజిల్ ఇంజిన్‌లో శక్తిని నియంత్రించేది ఇంధనం పరిమాణం. కొన్నింటిలో ఒక పలక ఉన్నా అది ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) కోసం, ఇంజిన్‌ను కుదుపు లేకుండా ఆపడం కోసం ఉంటుంది, కాలు తీయగానే మూసుకోదు. అందువల్ల సర్జ్ అన్న సమస్యే దాదాపు లేదు. యాక్సిలరేటర్ పెడల్‌కు స్విచ్ పెట్టి, మంచి బూస్ట్‌ను కావాలని బయటికి వదిలించే ఏర్పాటు అది. పెట్టించవద్దు.

శబ్దం వినాలన్నది ఒక్కటే కోరిక అయితే, కంపెనీ వాల్వ్‌ను కదపకుండా ఇన్‌టేక్ వైపు డబ్బా లేకుండా తెరిచి ఉండే మంచి ఫిల్టరు పెట్టినా, గాలి తిరిగి లోపలికి పోయే చప్పుడు క్యాబిన్‌లోకి బాగానే వినిపిస్తుంది. ఉప్పుగాలిలో ఆ ఫిల్టరును తరచుగా చూసుకోవాలన్నది దాని వెల. ఇది కూడా కంపెనీ అమరికకు చేసిన మార్పే గనుక చట్టం, వారంటీ గురించి పైన చెప్పినవి దీనికీ వర్తిస్తాయి.

## బిగించి, సరిచేసే పద్ధతి

వాక్యూమ్‌తో నడిచే వాల్వ్ ఎంత మంచిదైనా దాని గొట్టం సరిగా లేకపోతే పనిచేయదు. ఆ గొట్టాన్ని థ్రాటిల్ పలక దాటిన తర్వాత, ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి నేరుగా తీయాలి. బూస్ట్ గేజీకి పోయే గొట్టాన్ని చీల్చి పంచుకోకూడదు. బ్రేక్ బూస్టర్ గొట్టంలో వన్-వే వాల్వ్ ఉంటుంది. దాని తర్వాత టీ ముక్క వేసి కలిపితే వాల్వ్‌కు బూస్ట్ అందదు, దాంతో బూస్ట్‌లో అది తెరుచుకుని కూర్చుంటుంది. గొట్టం వీలైనంత పొట్టిగా, వేడికి మెత్తబడి నలిగిపోని రకంగా ఉండాలి, రెండు కొసలూ క్లాంపుతో బిగించాలి.

స్ప్రింగ్ ఎంపికలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బూస్ట్ ఎక్కువైతే స్ప్రింగ్ గట్టిది వేయాలని అనుకుంటారు. కాలు నొక్కి ఉన్నప్పుడు వాల్వ్ కింద ఎంత ఒత్తిడి ఉంటుందో, మానిఫోల్డ్ గొట్టం ద్వారా పైన కూడా దాదాపు అంతే ఉంటుంది గనుక బూస్టే వాల్వ్‌ను మూసి ఉంచడానికి సాయపడుతుంది. స్ప్రింగ్‌ను నిర్ణయించేది ఐడ్లింగ్‌లోని వాక్యూమ్. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, గేజీ చూడాలి. సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్ 18 నుంచి 22 అంగుళాల మెర్క్యురీ వాక్యూమ్ చూపుతుంది. స్ప్రింగ్‌లను పీఎస్‌ఐలో అమ్మే కంపెనీలున్నాయి. 20 అంగుళాలు సుమారు 9.8 పీఎస్‌ఐకి సమానం. బయటికి వదిలే రకమైతే ఈ వాక్యూమ్‌కు వాల్వ్ మూసే ఉండేంత గట్టిది ఎంచుకోవాలి. రీసర్క్యులేటింగ్ రకం ఐడ్లింగ్‌లో కొద్దిగా తెరుచుకున్నా నష్టం లేదు. మరలు తిప్పి సరిచేసే రకమైతే మెత్తటి స్థితి నుంచి మొదలుపెట్టి, ఒక్కో పావు చుట్టు చొప్పున బిగిస్తూ రావాలి. గేరు మార్చినప్పుడు టుట్టుట్టు వినిపిస్తే ఎక్కువ బిగిసిందని, ఐడ్లింగ్‌లో వాల్వ్ మూతి దగ్గర పెట్టిన పలుచని కాగితాన్ని లోపలికి లాగితే ఇంకా వదులుగా ఉందని అర్థం. హెచ్‌కేఎస్ ఎస్‌ఎస్‌క్యూవీ వంటి వాటిలో ఈ సర్దుబాటు మరలు ఉండవు, లోపలి రెండంచెల వాల్వ్ తనంతట తానే సర్దుకుంటుంది.

విశాఖ వాళ్లకు అరకు దారి ఇందులో మంచి పరీక్ష. సముద్ర మట్టం నుంచి పైకి పోయేకొద్దీ ప్రతి 1,000 అడుగులకు వాక్యూమ్ గేజీ సుమారు ఒక అంగుళం తక్కువ చూపుతుంది. విశాఖలో 20 చూపిన గేజీ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో 17 దగ్గర ఆగుతుంది, ఇంజిన్‌లో లోపమేమీ లేకపోయినా. వాల్వ్‌ను తెరిచే బలం ఆ మేరకు తగ్గుతుంది గనుక, ఊళ్లో సరిగ్గా పనిచేసిన బిగుతైన స్ప్రింగ్ ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కేటప్పుడు, మలుపు మలుపుకూ గేరు మార్చే చోట, చప్పుడు మొదలుపెట్టవచ్చు. అలా జరిగితే పావు చుట్టు వదులు చేసి, కిందికి వచ్చాక ఐడ్లింగ్‌లో మళ్లీ కాగితంతో చూసుకోవాలి. ఈ పరీక్షను బీచ్ రోడ్డు మీద జనం మధ్య చేయడం ఎవరికీ మంచిది కాదు.

## బిగించిన తర్వాత

సముద్రానికి దగ్గరగా ఉండేవారు పిస్టన్ రకాన్ని ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా వానాకాలం వెళ్లాక ఒకసారి విప్పి తుడవాలి. తెల్లటి పొడిని ఉప్పు కాగితంతో గీకితే గోడ గీతలు పడి గాలి కారుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, తయారీదారు సూచించిన గ్రీజును పలుచగా రాయాలి. మందంగా రాస్తే దుమ్ము పట్టి మళ్లీ అదే ముద్ద అవుతుంది. ఓ-రింగు చదునుగా అణిగిపోయి ఉంటే మార్చాలి. వాక్యూమ్‌తో నడిచే డయాఫ్రం రకానికి ఈ శుభ్రత అక్కరలేదు గాని, చేతి వాక్యూమ్ పంపు తగిలించి 15 నుంచి 20 అంగుళాల వరకు లాగినప్పుడు వాల్వ్ పూర్తిగా తెరుచుకుని, గేజీ ముల్లు కదలకుండా నిలబడాలి. ముల్లు నెమ్మదిగా జారుతోందంటే ముందు గొట్టం కొసలు చూడాలి, అవి బాగుంటే రబ్బరు చిరిగినట్టే. ఆ వాల్వ్‌కు మరమ్మతు ఉండదు, మార్చడమే.